ఎడమ చొక్కాచేయి: పెద్దవాళ్ల అద్భుత కథల కోర్సుపై నా సమీక్ష

ముందే చెప్పేస్తాను. ఈ కోర్సుకు ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్క స్టారూ మూడో వారం జరిగినదానికి. చేరాలనుకునేవాళ్లకు అది తెలిసి తీరాలి కాబట్టి దాచకుండా రాస్తాను. మిగతా వారాల గురించి కూడా కాస్త తీరిగ్గానే రాస్తాను, ఎందుకంటే కథలు వినడానికి పెద్దవాళ్లెందుకు రెండు గంటలు కూర్చోవాలో చేరేముందు నాకూ తెలియదు.

నాకు నలభై తొమ్మిదేళ్లు. అకౌంట్స్‌లో పని. మా అమ్మ పోయేనాటికి నాకు పంతొమ్మిది. కింద ముగ్గురు తమ్ముళ్లు, ఆఖరివాడికి అప్పటికి ఆరేళ్లు. వాళ్లను పెంచింది నేనే. సమీక్షలో సొంత సంగతులెందుకు అనుకోకండి. ఏడో వారం కథ సరిగ్గా ఇక్కడే వచ్చి తగిలింది.

కోర్సు ఆన్‌లైన్‌లో. ఎనిమిది వారాలు, వారానికి రెండు గంటలు, మొత్తం పన్నెండు మందిమి. నడిపేది ఒక కౌన్సెలింగ్ సైకాలజిస్ట్. అందరం మేడమ్ అనే పిలిచేవాళ్లం. ఇది చికిత్స కాదని, ఎవరికైనా మనసు బాగా చెదిరితే విడిగా డాక్టరును కలవాల్సిందేనని మొదటి రోజే స్పష్టంగా చెప్పారు. పద్ధతి చాలా తేలిక. మేడమ్ ఒక కథ చదువుతారు, మేం కెమెరాలు ఆపేసి వింటాం. తర్వాత ఒకటే ప్రశ్న: "ఈ కథలో మీరు ఎక్కడ ఆగిపోయారు?"

కథకు అర్థమేమిటని ఎప్పుడూ అడగలేదు. ఏ దృశ్యం దగ్గర మనసు ఆగింది, అక్కడ ఏం కనిపించింది, అంతే. నిజానికి ఈ కోర్సులో అన్నిటికన్నా విలువైనది ఈ ప్రశ్నే అంటాను. అర్థం అడిగితే తెలివితేటలు బయటికొస్తాయి. ఎక్కడ ఆగారంటే మనిషి బయటికొస్తాడు.

మొదటి వారం, చిన్నప్పుడు మళ్లీ మళ్లీ చెప్పించుకున్న కథ ఏదో గుర్తు చేసుకోమన్నారు. మనిషి తన చిన్ననాటి ఇష్టమైన కథనే తెలియకుండా జీవితానికి స్క్రిప్టుగా వాడుకుంటాడని అమెరికాలో స్థిరపడిన మానసిక వైద్యుడు ఎరిక్ బెర్న్ చెప్పేవాడట. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ సంప్రదాయానికి చెందిన బెర్లిన్ మానసిక విశ్లేషకుడు హాన్స్ డీక్‌మన్ కూడా తన దగ్గరికి వచ్చినవాళ్లను ఇదే అడిగేవాడట. మేడమ్ దాన్ని మరీ అంత గట్టిగా చెప్పలేదు. "అది నిజమో కాదో తర్వాత చూద్దాం, ముందు గుర్తున్న ముక్క రాయండి, మర్చిపోయిన చోట ఖాళీ వదిలేయండి" అన్నారు.

మా బృందంలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు ఉన్నారు. ఆయన రాసింది మనందరికీ తెలిసిన కథే. రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, చెట్టు తొర్రలో, చిలకలో ఉంటుంది. రెండో వారం మేడమ్ దాన్నే తీసుకున్నారు, కానీ నార్వేలో చెప్పుకునే రూపంలో. 19వ శతాబ్దంలో ఆస్‌బ్యోర్న్‌సెన్, మో అనే ఇద్దరు మిత్రులు సేకరించిన కథ అది. ఒంట్లో గుండె లేని రాక్షసుడు. వాడి గుండె ఒక సరస్సులోని దీవిలో, గుడిలో, గుడిలోని బావిలో ఈదుతున్న బాతు కడుపులో, గుడ్డులో ఉంటుంది. మన చిలకకు ఇంత దూరాన చుట్టం ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. లెక్కల మనిషిని కదా, ఇలాంటి కథలన్నిటికీ నంబర్లున్నాయని తెలిసి సంబరపడ్డాను. ఫిన్లండ్‌కు చెందిన ఆంటీ ఆర్నె 1910లో మొదలుపెట్టిన పట్టికను తర్వాత స్టిత్ థాంప్సన్, 2004లో హాన్స్ యోర్గ్ ఉతర్ పెంచుకుంటూ వచ్చారు. అందులో ఈ కథ నంబరు 302.

ఆ నార్వే కథలో ఒక చోటు నాకు కళ్లకు కట్టినట్టు ఉండిపోయింది. చెరలో ఉన్న రాకుమారి రాక్షసుణ్ని గుండె ఎక్కడ దాచావని అడుగుతుంది. గడప కింద అంటాడు, అబద్ధం. మర్నాడు ఆమె ఆ గడప మీద పూలు చల్లి పెడుతుంది. వాడు చూసి నవ్వుకుంటాడు. మళ్లీ అడిగితే గూట్లో ఉందంటాడు, అదీ అబద్ధమే. ఆమె ఆ గూటినీ పూలతో అలంకరిస్తుంది. మూడోసారి నిజం చెప్పేస్తాడు.

మేడమ్ అడిగారు: "అన్ని తాళాల వెనక దాచుకున్నవాడు ఎందుకు చెప్పేశాడంటారు?"

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆఖరికి లెక్చరర్ గారే నోరు విప్పారు. "అబద్ధం గుండె కోసం కూడా ఎవరో పూలు పెట్టారు కదమ్మా. వాడికి అంతకుముందు ఎవరూ పెట్టి ఉండరు." కాసేపాగి, "నేనూ అలాగే ఎక్కడో దాచుకున్నాను, ఎవరి చేతికీ చిక్కకూడదని. ఇప్పుడు నా చేతికే చిక్కడం లేదు" అన్నారు. భార్య పోయాక నాలుగేళ్లుగా తాను ఎవరితోనూ పది నిమిషాలకు మించి మాట్లాడలేదని తర్వాత చెప్పారు. పిల్లల కథ అనుకున్నది ఒక పెద్దాయనతో ఆ మాట అనిపించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక మూడో వారం. మేడమ్‌కు ఒంట్లో బాగాలేదని అతిథిగా మరొకరిని పిలిపించారు. కథ బ్లూబియర్డ్. ఫ్రాన్స్‌లో 1697లో షార్ల్ పెరో అనే రచయిత అచ్చు వేయించిన కథ. బ్లూబియర్డ్ అనే భర్త ఊరికెళుతూ భార్యకు తాళాల గుత్తి ఇచ్చి ఒక్క గది మాత్రం తెరవొద్దంటాడు. ఆమె తెరుస్తుంది. లోపల అతని పాత భార్యల శవాలు. తాళంచెవి కింద పడి నెత్తురంటుతుంది. ఎంత కడిగినా, ఇసుకతో తోమినా మరక పోదు. ఒకవైపు పోతే రెండోవైపు తేలుతుంది.

మా బృందంలో ఒకావిడ, కొట్టే భర్తను వదిలి వచ్చేసినావిడ, ఆ తాళంచెవి దగ్గర ఆగానన్నారు. "నేను మూడేళ్లు దాన్ని తోముతూనే ఉన్నాను, ఎవరికీ కనపడకూడదని."

దానికి ఆ అతిథి ఇచ్చిన జవాబు నేను మర్చిపోలేను. కథలోని పాత్రలన్నీ మన మనసులోని ముక్కలేనని, బ్లూబియర్డ్ కూడా ఆవిడలోనే ఉన్నాడని, తనను తానే గదిలో పెట్టి తాళం వేసుకున్నారని చెప్పారు. ఆవిడ కెమెరా ఆపేశారు. ఆ రోజు మళ్లీ కనిపించలేదు. మిగతా గంటంతా అడవి అంటే ఇది, తోడేలు అంటే ఇది, ఎర్ర రంగు అంటే ఇది అని పదకోశం అప్పజెప్పినట్టు సాగింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాత్రే నిర్వాహకులకు పెద్ద మెయిల్ రాశాను.

నాలుగో వారం మొదట్లో మేడమ్ క్షమాపణ చెప్పారు. కెమెరా ఆపేసినావిడకు అప్పటికే స్వయంగా ఫోన్ చేశారట. ఆవిడ తిరిగి వచ్చారు కూడా. ఆ రోజు మేడమ్ చెప్పినది రాస్తాను, ఈ రంగంలో అడుగుపెట్టే ఎవరికైనా పనికొస్తుంది. పాత్రలన్నీ ఒకే మనసులోని భాగాలుగా చదవడం యూంగ్, ఆయన శిష్యురాలు మరీ లూయిజ్ ఫాన్ ఫ్రాన్స్ పెంచిన పద్ధతి. మన కలను మనం చూసుకున్నట్టు కథను చూసుకోవడానికి అది మంచి అద్దమే. కానీ ఆ అద్దం ఎవరికి వారు పట్టుకోవాలి, ఇంకొకరి మొహానికి పట్టకూడదు. బయటి మనిషి చేతిలో దెబ్బలు తిన్నవాళ్లకు ఆ మనిషి నీ లోపల ఉన్నాడని చెప్పడం మళ్లీ కొట్టడమే.

నేనూ ఒక మాట అన్నాను. కథలో ఆమెను కాపాడింది ఎవరు? అక్క గోపురం ఎక్కి చూస్తే, ఇద్దరు అన్నలు గుర్రాల మీద వచ్చారు. బయటి నుంచి. కత్తులతో. ఆ కథ రాసినవాడికి సాయం బయటి నుంచే రావాలని తెలుసు. మేడమ్ అది నోట్ చేసుకున్నారు.

పదకోశం సంగతి కూడా అప్పుడే తేలింది. తోడేలు బారిన పడే పిల్ల రెడ్ రైడింగ్ హుడ్ పెట్టుకునే ఎర్ర టోపీని మానసిక విశ్లేషకుడు ఎరిక్ ఫ్రామ్ 1951లో ఆడపిల్ల రజస్వల కావడానికి గుర్తుగా చెప్పాడు. చరిత్రకారుడు రాబర్ట్ డార్న్‌టన్ 1984లో దాన్ని తప్పుపట్టాడు. ఫ్రాన్స్ పల్లెల్లో జనం నోట వినిపించిన ఆ కథలో అసలు ఎర్ర టోపీయే లేదు. లేని టోపీకి అర్థం చెప్పినట్టయింది. అందుకే ఈ కోర్సులో కథ ఏ రూపంలో, ఎప్పటిది చదువుతున్నామో ముందే చెబుతారు. ఆ జాగ్రత్త నాకు చాలా నచ్చింది.

ఆ జాగ్రత్త వల్లే నాలుగో వారం కథ కొత్తగా వినిపించింది. జర్మనీలో కథలు సేకరించిన గ్రిమ్ సోదరులు 1812లో వేసిన మొదటి సంపుటంలో స్నో వైట్‌ను చంపించాలని చూసింది సవతి తల్లి కాదు, కన్నతల్లి. 1819 కూర్పులో ఆమెను సవతి తల్లిగా మార్చారు. ఇంకో కథలో అన్నాచెల్లెళ్లు హాన్సెల్‌నూ గ్రెటెల్‌నూ అడవిలో వదిలేయమన్న తల్లి కూడా తర్వాతి కూర్పుల్లో సవతి తల్లి అయిపోయింది. సవతి తల్లి పాత్ర పిల్లలకు ఎలా పనికొస్తుందో మనస్తత్వవేత్త బ్రూనో బెటెల్‌హైమ్ 1976లో వివరించాడు. కోప్పడిన అమ్మను వేరే మనిషిగా విడదీసుకుంటే మంచి అమ్మ చెక్కు చెదరకుండా మిగులుతుంది. "పిల్లలకు విడదీసుకోవడం అవసరం. పెద్దయ్యాక ఆ ఇద్దరినీ మళ్లీ ఒకే మనిషిగా కలపాలి" అన్నారు మేడమ్.

అందరూ తమ తమ అమ్మల గురించి చెప్పారు. నేను మాత్రం ఆఖరివాణ్ని ఒకసారి గదిలో పెట్టి బయట గడియ వేసిన సాయంత్రం గురించి చెప్పాను. వాడికి ఎనిమిదేళ్లు, నాకు ఇరవై ఒకటి. మర్నాడు నాకు పరీక్ష. వాడు తలుపు కొట్టలేదు, ఏడవలేదు. గంట తర్వాత తీస్తే తలుపుకు ఆనుకుని నిద్రపోతున్నాడు. తలుపు తీయగానే నా కాళ్ల మీద పడ్డాడు. వాడి కథలో ఆ రోజు నేనెవరినో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

ఐదో వారం తేలికగా ఉంటుందనుకున్నాను. చెప్పులు కుట్టే ఆయన కథ. తోలు కత్తిరించి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి జోడు తయారై ఉంటుంది. ఒక రాత్రి భార్యాభర్తలు మేలుకుని చూస్తే బట్టల్లేని ఇద్దరు బుల్లి మనుషులు కుడుతుంటారు. కృతజ్ఞతతో వాళ్లకు బట్టలు కుట్టి పెడతారు. వాళ్లు అవి తొడుక్కుని గంతులేసి వెళ్లిపోతారు, ఇక రారు. చాలా కథలు పెళ్లితో ఆగిపోతాయి, ఆ తర్వాత ఏమైందో చెప్పవు. ఆలన్ చినెన్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ అందుకే నడివయసు, ముసలి వయసు మనుషులు నాయకులుగా ఉన్న కథలను వెతికి పోగుచేశాడు. చెప్పుల కథను ఆయన నడివయసు కథగా చదివాడు. వయసులో ఉన్నప్పుడు పని దానంతటదే జరిగిపోతుంది, ఎవరు చేస్తున్నారో కూడా తెలియదు. ఒకనాటికి ఆ బుల్లి మనుషులు వెళ్లిపోతారు. తర్వాత ప్రతి కుట్టూ మన చేత్తో మనమే వేయాలి. ఆఫీసులో ఒకప్పుడు రెండు గంటల్లో తేలిన పని ఇప్పుడు పూట పడుతోందని ఏడాదిగా టెన్షన్ పడుతున్నాను. ఈ కథ విన్నాక పని వేగం పెరగలేదు కానీ, ఆ టెన్షన్ తగ్గింది. చెప్పులు కుట్టే ఆయన ఆ తర్వాత కూడా బాగానే బతికాడని కథలోనే ఉంది.

ఆరో వారం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రష్యన్ పండితుడు ప్రాప్ 1928లో తమ దేశపు అద్భుత కథలను 31 మెట్లుగా విడగొట్టిన తీరు చెప్పారు. ఆసక్తికరమే, కానీ రెండు గంటలూ స్లైడ్లతో క్లాసులా సాగింది. అరగంట చాలు.

ఏడో వారం కథ గ్రిమ్ సంపుటంలో 49వది, ఆరు హంసలు.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. సవతి తల్లి మంత్రం పెట్టి కుట్టిన పట్టు చొక్కాలు మీద విసిరితే ఆరుగురు అన్నదమ్ములు హంసలైపోతారు. వాళ్లను మనుషుల్ని చేయాలంటే వాళ్ల సోదరి ఆరేళ్లు మాట్లాడకూడదు, నవ్వకూడదు. నక్షత్రాల్లాంటి పూలతో ఆరు చొక్కాలు కుట్టాలి. ఒక్క మాట జారినా పడ్డ శ్రమంతా పోతుంది. ఆ పిల్ల చెట్టెక్కి కూర్చుని కుట్టడం మొదలుపెడుతుంది. ఒక రాజు చూసి పెళ్లాడతాడు. అత్తగారు పుట్టిన బిడ్డల్ని దొంగిలించి, ఆమె మూతికి నెత్తురు పూసి, తినేసిందని నేరం మోపుతుంది. అయినా నోరు విప్పదు. చితి దగ్గరికి తీసుకెళ్లే రోజే ఆరేళ్లకు ఆఖరి రోజు. చొక్కాలన్నీ చేతి మీద వేసుకుని వెళుతుంది. ఆరో చొక్కాకు ఎడమ చేయి ఒక్కటే కుట్టకుండా మిగిలిపోయింది. హంసలు ఎగిరొస్తాయి, చొక్కాలు విసురుతుంది, అన్నదమ్ములు లేచి నిలబడతారు. ఆఖరివాడికి మాత్రం ఎడమ చేయి ఉండాల్సిన చోట హంస రెక్క ఉండిపోతుంది.

శాపం చొక్కాతోనే, విడుదలా చొక్కాతోనే. అది మా బృందంలో కుర్రవాడొకడు గమనించాడు. నేను మాత్రం ఆ చేయి దగ్గరే ఆగిపోయాను.

మా పెద్ద తమ్ముళ్లిద్దరూ స్థిరపడ్డారు. ఆఖరివాడికి ముప్పై ఆరు. ఒక ఉద్యోగంలో ఏడాది నిలవడు. పెళ్లి మాటెత్తితే లేచి వెళ్లిపోతాడు. నెలలకు నెలలు ఫోన్ ఉండదు. వాణ్ని తలుచుకున్నప్పుడల్లా నా లెక్కల్లో అది తేలని పద్దుగానే కనిపిస్తుంది. నేను పూర్తి చేయని చేయి. ఇదంతా గడగడా చెప్పేశాను. చెబుతున్నప్పుడే గొంతు పట్టేసింది.

మేడమ్ వెంటనే ఏమీ అనలేదు. కాసేపాగి ఆ చివరి పేజీ మళ్లీ చదివారు, నెమ్మదిగా. అన్నదమ్ములు ఆమెను కావలించుకుంటారు, ముద్దు పెట్టుకుంటారు. ఆమె రాజు దగ్గరికి వెళ్లి ఇప్పుడు నేను మాట్లాడొచ్చు, నేను ఏ తప్పూ చేయలేదు అంటుంది.

"ఆ చేయి ఎందుకు కుట్టలేదని కథలో ఎవరైనా అడిగారా అండీ?" అన్నారు మేడమ్.

ఎవరూ అడగలేదు. నేను పుస్తకం తెరిచి చూసుకున్నాను కూడా. రెక్కతో మిగిలిన తమ్ముడు కూడా అడగలేదు. ఆ ప్రశ్న అడిగింది నేనొక్కదాన్నే, ముప్పై ఏళ్లుగా.

తర్వాత ఆవిడ ఇంకొకటి అడిగారు, అది ఇంకా లోపలికి దిగింది. "ఆమెకు ఆరేళ్లు మాట్లాడకూడదన్న షరతు ఉంది. మీకు ఎవరు పెట్టారు?" అమ్మ పోయినప్పటి నుంచి నాకు కష్టంగా ఉందన్న మాట ఇంట్లో ఎవరి ముందూ అనలేదని అప్పుడే నాకు తట్టింది. ఎవరూ అనొద్దని చెప్పలేదు. ఒక్క మాట జారితే అంతా కూలిపోతుందని నేనే అనుకున్నాను.

ఆ ఆదివారం తమ్ముడికి ఫోన్ చేశాను. మామూలుగా ఉద్యోగం సంగతి అడుగుతాను, వాడు ముక్తసరిగా జవాబిస్తాడు. ఈసారి కథ చెప్పాను. మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు, లైన్ తెగిందేమోనని రెండుసార్లు హలో అన్నాను. అంతా విన్నాక, "ఒక్క రెక్కతో ఎగరలేడు కదక్కా" అన్నాడు.

"ఎగరలేడేమో రా. కథలో చెప్పలేదు."

"చలేసినప్పుడు కప్పుకోవచ్చులే" అన్నాడు.

ఇక వాడు ఏమనుకుని ఆ మాట అన్నాడో నేను అడగలేదు. గడియ వేసిన ఆ సాయంత్రం గురించి కూడా ఆ ఫోన్‌లోనే చెప్పాను. వాడికి గుర్తుంది. నాకు కష్టంగా ఉండేదని చెప్పాను. అదీ వాడికి తెలుసట.

ఎనిమిదో వారం ఎవరి కథ వాళ్లు రాసి చదవాలి. సమయం చాలక నలుగురి వంతు మిగిలిపోయింది, ఆ వారాన్ని రెండుగా చేస్తే బాగుంటుంది.

చేరాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. కథలకు చకచకా అర్థాలు చెప్పేసే కోర్సు కావాలంటే ఇది మీకు సరిపడదు, ఇక్కడ అర్థాలు ఆలస్యంగా వస్తాయి, కొన్నిసార్లు రావు. ఈ మధ్యే ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు, హింస నుంచి బయటపడినవాళ్లు చేరేముందు మేడమ్‌తో విడిగా మాట్లాడండి, ఆవిడ ప్రతి కథ గురించీ ముందే చెబుతారు, వద్దనుకున్న వారం మానేయొచ్చు. చేరేముందు అతిథులెవరైనా వస్తున్నారా అని తప్పకుండా అడగండి. నేను రాసిన మెయిల్ తర్వాత అతిథులు వచ్చినా మేడమ్ పక్కనే ఉంటారని జవాబిచ్చారు. సెషన్లు రికార్డు చేయరు, కాబట్టి ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తలుపు వేసుకుని వినండి. ఏడో వారం మర్నాడు వీలైతే సెలవు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, ఆ రోజు జమాఖర్చులు మూడుసార్లు సరిచూసుకోవాల్సి వచ్చింది.